పేపరు చూపించండి సార్

మా దర్శి వైపు పిల్లలు "గ్రేడు" అన్న మాటని బడి కంటే ముందు పొగాకు దగ్గరే వింటారు. బ్రైటు, మీడియం, లోగ్రేడు. ఆకు కోసి, బ్యారన్లో కాల్చి, ఇంట్లో కూర్చుని రంగు చూసి వేరు చేసి, బేళ్ళు కట్టి పొదిలి వేలం కేంద్రానికి తోలతారు. అక్కడ కంపెనీల వాళ్ళు చూసి రేటన్నా చెప్తారు, "నో బిడ్" అనన్నా అంటారు. నో బిడ్ అన్నరోజు మా వాళ్ళని చూడాలి. నిన్న ఇదే ఆకుని పక్క ఊరి వాళ్ళ దగ్గర కొన్నారుగా, ఇవాళ దీనికేం రోగమొచ్చింది, బోర్డు వాళ్ళని పిలవండి అని గోల. వేలం ఆపించిన రోజులున్నాయి, రోడ్డు మీద కూర్చున్న రోజులున్నాయి. టొబాకో బోర్డు వేలాలు ఆంధ్రాలో మొదలైంది 1985లో. అంతకు ముందు కొనేవాడు చెప్పిందే గ్రేడు. పదిమంది ముందు బేలు విప్పి పాట పాడాలి అన్న పద్ధతి వచ్చాక రైతుకి కనీసం గొడవ పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది.

మిర్చికీ అంతే. గుంటూరు యార్డులో టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి "తాలు ఎక్కువుంది" అంటే, ఏదీ చూపించు అని మా వాళ్ళు కూడా ఇంకో గుప్పెడు తీస్తారు. పత్తికైతే మీటరే ఉంది. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, అక్కడినుంచి 12 దాకా కోత పెట్టి కొంటారు, దాటితే కొనరు. మీటరు మీద అంకె తన కళ్ళతో చూడకుండా ఏ రైతూ బండి వెనక్కి తిప్పడు.

ఇప్పుడు ఇదే రైతు కొడుకు తొమ్మిదో తరగతి సోషల్ పేపరు పట్టుకుని ఇంటికొచ్చి, "నాన్నా, సారు నాకు నాలుగు మార్కులు తగ్గించాడు, నేను అంతా కరెక్టే రాశా" అన్నాడనుకోండి. యార్డులో అంత గొడవ చేసిన మనిషి ఏమంటాడు? "అయ్యోరితో పెట్టుకోమాకురా. ఇంకాస్త బాగా చదువు, ఆయనే వేస్తాడు." అంతే, అక్కడితో అయిపోయింది.

ఈ తేడా ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు. పత్తి తూకంలో పోయేది ఒక సంవత్సరం డబ్బులో కొంత భాగం. పిల్లవాడి విషయంలో పోయేది అంతకంటే తక్కువేం కాదు కదా. పైగా ఇక్కడ అన్యాయం చేసింది కూడా చాలాసార్లు దుర్మార్గుడైన మనిషి కాదు. పేపర్ల కట్ట ముందేసుకుని, రాత్రి పదింటికి నిద్రాపుకుంటూ దిద్దే ఒక మామూలు మేష్టారు. అడిగితే సరిచేసుకునేవాళ్ళే ఎక్కువమంది. అడగరు, అంతే.

ఇది ఊరికే నా అభిప్రాయం కాదు అని చెప్పడానికి మన రాష్ట్రంలో ఈ మధ్యే జరిగిన సంగతి ఒకటుంది. 2025 ఏప్రిల్ 23న ఏపీ పదో తరగతి ఫలితాలొచ్చాయి. తర్వాత 66 వేలకు పైగా పేపర్లకి రీకౌంటింగు, రీవెరిఫికేషను అడిగారు. వాటిలో 11 వేలకు పైగా పేపర్లలో మార్కులు మారాయి. ఒక అమ్మాయికి సోషల్లో మొదట 23 వేసి ఫెయిల్ చేశారు, మళ్ళీ చూస్తే 96. కొంతమంది ఎవాల్యుయేటర్లని సస్పెండ్ చేశారు, పేపర్లలో నాలుగు రోజులు హడావుడి అయ్యింది.

అప్పుడు అధికారుల వైపు నుంచి వచ్చిన మాట ఏంటంటే, మొత్తం దిద్దిన పేపర్లు 45 లక్షలకు పైగా, అందులో తప్పులు పావు శాతం కూడా లేవు అని. భాగారం కరెక్టే. కానీ మన ఫీల్డులో ఎవరైనా ఇలా చెప్తే టెస్టింగ్ టీము నవ్వుతుంది. 45 లక్షల్లో మీరు మళ్ళీ తెరిచి చూసింది 66 వేలే కదండీ. చూసినవాటిలో ఆరింటికి ఒకటి తప్పు తేలింది. అనుమానం ఉన్నవాళ్ళే అడుగుతారు కాబట్టి అన్నిట్లో ఆరింటికి ఒకటి తప్పని నేను అనను. అలాగని చూడనివన్నీ కరెక్టు అని లెక్కేసుకోవడం కూడా కుదరదు. టెస్ట్ కేసు రన్ చెయ్యకపోవడం, టెస్ట్ పాసవ్వడం ఒకటి కాదు. రీవెరిఫికేషనుకి సబ్జెక్టుకి వెయ్యి రూపాయలు, రీకౌంటింగుకి ఐదొందలు. కూలికెళ్ళే ఇంట్లో ఆ వెయ్యి అంటే రెండు మూడు రోజుల సంపాదన. మార్కులు తగ్గాయని అనుమానం ఉన్నా ఆ డబ్బు కట్టలేక ఊరుకున్నవాళ్ళు ఎంతమందో ఏ లెక్కలోనూ రారు. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు కాబట్టి, ఇక్కడ ఐదు మార్కులు అంటే ఊరికే ఐదు మార్కులు కాదు.

అంతకు ముందు 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒకమ్మాయికి తెలుగులో 99 వస్తే సున్నా అని పడింది, ఓఎంఆర్ మీద బబుల్ తప్పు దిద్దినందుకు. దిద్దిన లెక్చరరు చూడలేదు, ఆ పైన సరిచూడాల్సిన మనిషీ చూడలేదు. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. సాఫ్టువేరు కాంట్రాక్టు గురించి, కంపెనీ గురించి అప్పట్లో మనవాళ్ళు చాలా రాశారు, అవన్నీ మళ్ళీ తోడను.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ రెండిట్లోనూ ఎంత ఘోరం జరిగినా, చివరికి బయటపడింది. ఎందుకంటే అది పబ్లిక్ పరీక్ష. పేపరు ఎక్కడో భద్రంగా ఉంటుంది, ఫీజు కడితే తీస్తారు, కోర్టు ఉంది, పత్రిక ఉంది. కానీ ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ ఇంటర్ ప్రాక్టికల్సు, ఇంజనీరింగులో ఇంటర్నల్సు, ప్రాజెక్టు వైవా... ఇవన్నీ మనకి తెలిసిన మనిషి, మన మొహం చూసి వేసే మార్కులు. వీటికి రీకౌంటింగు లేదు. ఏ తరగతిలో ఎవడు తెలివిగలవాడు, ఎవడు మొద్దు అని నిర్ణయమైపోయేది ఈ మార్కులతోనే. పదో తరగతికొచ్చేసరికి పిల్లవాడు తన గురించి తాను ఏమనుకోవాలో అదీ అయిపోయి ఉంటుంది.

మనిషి మొహం చూసి మార్కులు వేస్తారా అని మీకు అనుమానం ఉంటే, దీని మీద మన దేశంలోనే పరిశోధన ఉంది. రెమా హన్నా, లీ లిండెన్ అని ఇద్దరు ఎకనామిస్టులు ఒక ఊళ్ళో పిల్లలకి పరీక్ష పెట్టి, ఆ పేపర్ల మీద కులం, వయసు లాంటి వివరాలు లాటరీ వేసినట్టు ఇష్టమొచ్చినట్టు రాసి టీచర్లకి ఇచ్చారు. ఒకే పేపరు, ఒకరికి ఒక కులం పేరుతో, ఇంకొకరికి ఇంకో కులం పేరుతో వెళ్ళింది. కింది కులం అని రాసి ఉన్న పేపరుకి మార్కులు తగ్గాయి. 2012లో ఈ పేపరు అచ్చయింది. తేడా మరీ కొండంత కాదు, చిన్నదే. అయితే అందులో రెండు సంగతులు నన్ను ఆలోచింపజేశాయి. ఒకటి, ఆ తేడా ఎక్కువగా కట్టలో మొదట దిద్దిన పేపర్లలో ఉంది. ఇంకా చేతికి కొలత కుదరకముందు మనసులో ఉన్నదే కొలత అవుతుందన్నమాట. రెండోది, మార్కులు తగ్గించిన వాళ్ళలో కింది కులాల టీచర్లే ముందున్నారు. కాబట్టి ఇది "వాళ్ళు మనకి చేస్తున్నారు" అని తేలిగ్గా చెప్పుకునే కథ కూడా కాదు. మా జిల్లాలో పుట్టి కులం ఊసెత్తకుండా మార్కుల గురించి మాట్లాడటం దొంగతనంగా ఉంటుంది కాబట్టి ఈ మాట రాశాను.

కులం సంగతి పక్కన పెట్టినా, ఒకే జవాబుకి అందరూ ఒకే మార్కు వేస్తారు అన్నది భ్రమ. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అని ఇద్దరు 1912, 1913 ప్రాంతంలోనే ఒకే పేపర్ని వంద మందికి పైగా టీచర్ల దగ్గర దిద్దించి చూశారు. ఇంగ్లీషు అంటే సరే, ఎవరి అభిరుచి వాళ్ళది. జామెట్రీ పేపరుకి కూడా ఒకరు 28 వేస్తే ఒకరు 90 దాటించారు. ఒకటే పేపరు! నూట పదేళ్ళ కిందటి సంగతి ఇది. దిద్దే మనిషి చెడ్డవాడు కానక్కరలేదు, కొలబద్ద బయటికి రాసి పెట్టకపోతే చాలు.

మా ఊళ్ళో నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. బడి పేరు, ఆయన పేరు అనవసరం. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా లెక్కల సారు సాయంత్రం ఇంటి దగ్గర ట్యూషను చెప్పేవారు. ట్యూషనుకి వెళ్ళేవాళ్ళకి "స్టెప్పుల మార్కులు" ఉండేవి. వెళ్ళనివాళ్ళకి ఆన్సర్ తప్పయితే సున్నా. క్లాసులో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. మా క్లాసులో ఒకతని వాళ్ళమ్మ మిరపకోతలకి వెళ్ళేది, చదువుకోలేదు. ఒకరోజు ఆవిడ కొడుకు పేపరూ, పక్కింటి పిల్లవాడి పేపరూ రెండూ పట్టుకుని హెడ్మాస్టరు గదికి వచ్చింది. ఎవరి మీదా అరవలేదు. రెండు పేపర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "అయ్యా, నాకు సదువు రాదు. ఈ గీతలూ ఆ గీతలూ ఒకేరకంగా ఉండాయి. కింద అంకెలు మాత్రం ఏరేగా ఉండాయి. ఎందుకో మీరే చెప్పండి" అంది. హెడ్మాస్టరు చూశారు. సారుని పిలిచారు. ఆ పిల్లవాడికి ఆరు మార్కులు కలిశాయి. ఆ తర్వాత పేపర్లలో అందరికీ స్టెప్పుల మార్కులు రావటం మొదలైంది, ట్యూషనుతో సంబంధం లేకుండా.

ఇక్కడితో ఆపితే బానే ఉంటుంది కానీ ఆ సంవత్సరమంతా ఆ సారు ఆ పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడగలేదు. నోట్సు దిద్దేవాడు, పక్కన పెట్టేవాడు. పేరు పెట్టి పిలవలేదు. పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. "అయ్యోరితో పెట్టుకోమాక" అనే నాన్నలు భయపడేది సరిగ్గా దీనికే, ఆ భయం ఉత్తది కాదు. అందుకే పిల్లలకి "ధైర్యంగా అడగరా" అని ఊరికే చెప్పి పంపించడం నాకు ఇష్టం ఉండదు. ధైర్యానికి అయ్యే ఖర్చు వాడే కట్టాలి, మనం కాదు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009లో 28వ సెక్షను ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఇక 2011 ఆగస్టులో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు కింద సమాచారమే, రాసినవాడికి దాన్ని చూసుకునే హక్కుంది అని చెప్పింది. నా దృష్టిలో చదువు విషయంలో మన కోర్టులు ఇచ్చిన మంచి తీర్పుల్లో అదొకటి. కానీ దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. చూసుకునే హక్కుంది గానీ మళ్ళీ దిద్దమనే హక్కు లేదు. మళ్ళీ దిద్దించుకోవటం సహజ హక్కేమీ కాదని 1984లోనే మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అందుకే రీకౌంటింగు అంటే కూడిక చూస్తారు. రీవెరిఫికేషను అంటే దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందా, మార్కు తప్పు ఎక్కించారా చూస్తారు. "ఈ జవాబుకి 2 కాదు 4 వెయ్యాలి" అన్న మాట అక్కడ ఎవరూ వినరు. విచిత్రం ఏంటంటే ఆ మాట వినగలిగే ఒకే ఒక్క మనిషి బళ్ళో ఉన్న మన సారే. అక్కడ అడగము.

పరిష్కారం పేరుతో ప్రభుత్వాలు చేసింది చూడండి. 2017 మార్చి పరీక్షలకి ఏపీలో పదో తరగతికి 80 మార్కులు పబ్లిక్, 20 మార్కులు బడిలో ఇంటర్నల్ అని పెట్టారు. ప్రైవేటు బడులు చాలావరకు తమ పిల్లలకి ఇరవైకి ఇరవై వేసేసుకున్నాయి. ప్రభుత్వ బడిలో నిజాయితీగా దిద్దిన సారు పిల్లలకి 15, 16 వచ్చి వాళ్ళు నష్టపోయారు. ధారాళంగా వేసినవి కూడా అన్యాయపు మార్కులే అన్నమాట, కాకపోతే వచ్చినవాడు ఫిర్యాదు చెయ్యడు. 2019లో ఆ ఇంటర్నల్స్ ఎత్తేశారు. టీచర్ని నమ్మలేము కాబట్టి టీచరు తీర్పునే తీసేద్దాం అన్నట్టు. నాకిది నచ్చలేదు. బగ్గు వచ్చిందని ఫీచరు పీకేసినట్టుంది. సంవత్సరమంతా పిల్లవాడిని చూసే మనిషి మాటకి విలువ లేకుండా చేసి, ఎవరో తెలియని ఎవాల్యుయేటరు రోజుకి 40 పేపర్ల చొప్పున దిద్దే మూడు గంటల పరీక్షకే మొత్తం అప్పజెప్పారు. 2025లో తప్పులు దొర్లింది ఆ పరీక్షలోనే.

ఎత్తేసే బదులు తెరిచి పెట్టాల్సింది. ప్రతి పేపరూ దిద్దాక పిల్లవాడి చేతికి రావాలి, ఇంటికి వెళ్ళాలి. ఏ ప్రశ్నకి ఏది రాస్తే ఎన్ని మార్కులో ఆ స్కీము బోర్డు మీద రాయాలి, పరీక్ష అయ్యాక అయినా సరే. ఒక గంట క్లాసు దీనికే ఇవ్వాలి. చాలామంది మంచి టీచర్లు ఇప్పుడూ ఇలాగే చేస్తారు, నాకు తెలుసు. చాలా బళ్ళలో మాత్రం మార్కులు చదివి పేపర్లు వెనక్కి లాగేసుకుంటారు, బీరువాలో పడేస్తారు. 2025-26లో ప్రభుత్వ బడుల్లో పరీక్షలన్నీ ఒకే అసెస్‌మెంట్ పుస్తకంలో రాయించటం మొదలుపెట్టారు. టీచర్ల సంఘాలు పని పెరిగిందని గొడవ చేశాయి, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ సంవత్సరం పొడుగునా రాసిన పేపర్లు ఒకచోట ఉండటం అన్నది మాత్రం మంచి ఆలోచన. అది బళ్ళోనే ఉండిపోకుండా ఇంటికి కూడా వెళ్ళాలి.

మనం రోజూ చేసే పనే చూడండి. పుల్ రిక్వెస్టు పెడతాం. రివ్యూ చేసేవాడు "62/100" అని రాసి వెళ్ళిపోతే ఒప్పుకుంటామా? ఏ లైను, ఏం తప్పు, ఏం మార్చాలి అని అడగమూ? వాడు ఆర్కిటెక్టు అయినా సరే కామెంటు కింద మనం ఇంకో కామెంటు పెడతాం, ఇది కావాలనే ఇలా రాశాను అని. దాన్ని ఎవరూ అవమానం అనుకోరు. అదే మనుషులం అప్రైజల్లో మాత్రం నోరు మూసుకుంటాం. "ఈసారి నీకు త్రీ" అంటే సరే సార్ అని బయటికొచ్చి క్యాంటీన్లో తిట్టుకుంటాం. బెల్ కర్వ్ అని మేనేజరు చెయ్యెత్తేస్తాడు. ఉద్యోగుల్ని అలా వరసలో పెట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది, మన దగ్గర అది ఇంకా రకరకాల పేర్లతో బతికే ఉంది. నా టీములో చాలామందిని గమనించాను. కోడు గురించి ఎంతసేపైనా వాదిస్తారు, తమ గురించి వేసిన అంకెని మాత్రం ప్రశ్నించలేరు. తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న పాఠం అది. ట్రిగొనామెట్రీ మర్చిపోయారు గానీ అది మర్చిపోలేదు.

అమెరికాలో ఉన్న మన వాళ్ళ కథ ఇంకో రకం. అక్కడ గ్రేడ్లు పోర్టల్లో గంటలో పడతాయట. 89.4 వస్తే దాన్ని 90 చెయ్యమని టీచరుకి రాత్రికి రాత్రే మెయిలు కొట్టే తల్లిదండ్రుల్లో మన తెలుగు వాళ్ళు బానే ఉన్నారని మా ఫ్రెండు చెప్తుంటాడు. ఇక్కడ అయ్యోరంటే వణికిన మనిషే అక్కడ ఆ మెయిలు రాసేది! ఇదీ నాకు నచ్చదు. మార్కుని బేరమాడటం వేరు, లెక్క అడగటం వేరు. టీచర్లు "ఇలాంటి పేరెంట్సుతో వేగలేకపోతున్నాం" అంటే అందులో నిజముంది. అరవై మందిని పెట్టుకుని, వారానికి ఒక టెస్టు దిద్దే కార్పొరేటు స్కూలు టీచరు మీదకి ఎక్కటం తేలిక. ఆ టెస్టుల షెడ్యూలు పెట్టిన యాజమాన్యం మీదకి ఎవరూ వెళ్ళరు.

సరే, మరి పిల్లవాడు పేపరు పట్టుకుని ఇంటికొస్తే ఏం చెయ్యాలి? నాకు తోచింది చెప్తాను. ముందు కూడిక చూడండి. నవ్వకండి, సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి, సారుకీ నామోషీ ఉండదు. కూడిక కరెక్టయితే పాఠ్యపుస్తకం తీసి పక్కన పెట్టుకుని ఆ జవాబు వాడి చేతే చదివించండి. చాలాసార్లు వాడికే తెలిసిపోతుంది తగ్గింది ఎందుకో. అప్పటికీ అన్యాయమే అనిపిస్తే, ఒక్క ప్రశ్న ఎంచుకుని దాని గురించే అడగమనండి. మొత్తం మార్కుల గురించి కాదు. "ఎందుకు తగ్గించారు" అని అడిగితే సారు తనని తాను కాపాడుకునే పనిలో పడతారు. "ఇంకేం రాస్తే నాలుగు వస్తాయి సార్" అంటే ఆయన జవాబు చెప్పాలి, చెప్తూ చెప్తూ పేపరు చూడాలి. చూస్తే తప్పు ఆయనకే కనపడుతుంది. క్లాసులో అందరి ముందు కాదు, స్టాఫు రూములో, ఖాళీగా ఉన్నప్పుడు. పక్కవాడి పేపరు తీసుకెళ్ళొద్దు, నా అనుభవంలో చాలాసార్లు వీడికి కలిపే బదులు వాడికి తీసేస్తారు. స్నేహం కూడా పోతుంది. ఆ మిరపకోతల ఆవిడకి పనిచేసింది అంటే ఆవిడ వెళ్ళింది పెద్దాయన దగ్గరికి, అడిగిన తీరు అలాంటిది.

ఒకసారి జరిగితే వదిలెయ్యచ్చు. యూనిట్ టెస్టులో రెండు మార్కుల కోసం సంవత్సరం పాడుచేసుకోనక్కర్లేదు. అదే సబ్జెక్టులో మూడు నాలుగు పేపర్లలో వరసగా జరుగుతుంటే అప్పుడు పెద్దవాళ్ళు వెళ్ళాలి, పేపర్లన్నీ పట్టుకుని, పిల్లవాడిని తీసుకెళ్ళకుండా. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న ఏపీ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు. ఊళ్ళలో ఎప్పుడూ బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు వెళ్ళారు. ముగ్గులూ ఫోటోలూ భోజనాలూ అయ్యాక, ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చినప్పుడు "ఆ పేపరు కూడా ఒకసారి చూపిస్తారా అయ్యా" అని ఒక్క మాట అడిగితే ఎవరూ కాదనరు. పండగ వాతావరణంలో అడగటం ఇంకా తేలిక. ట్యూషను కోసమో, కులం కోసమో, ఆడపిల్లల్ని ఇబ్బంది పెట్టడం కోసమో మార్కుల్ని కొరడాలా వాడుతుంటే మాత్రం అది మార్కుల విషయం కానే కాదు. అక్కడ సర్దుబాటు మాటలు అక్కర్లేదు, హెడ్మాస్టరు వినకపోతే ఎంఈఓకీ డీఈఓకీ కాగితం మీద రాసి ఇవ్వటమే, రసీదు తీసుకోవటమే. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి సంతకం పెడితే ఏ ఒక్క పిల్లవాడి మీదా కోపం నిలవదు. పొగాకు వేలం ఆపించేటప్పుడు కూడా ఎవరూ ఒక్కళ్ళే వెళ్ళరు కదా.

మా అక్క కొడుకు దర్శిలోనే ఎనిమిదో తరగతి. మొన్న లెక్కల పేపర్లో ఏడు మార్కులు తగ్గాయని ఫోనులో ఏడుపు. పేపరు ఫోటో తీసి పంపమన్నాను. ఒక లెక్కలో చేసిందంతా కరెక్టు, చివర్లో 36ని 63 అని ఎక్కించాడు, మొత్తం కొట్టేసి సున్నా వేశారు. ఇంకో రెండు లెక్కలు వాడే సగంలో వదిలేశాడు. మొదటి లెక్క ఒక్కటే అడగమన్నాను, మాటలు కూడా నేనే చెప్పిచ్చాను. వాడు రెండు రోజులు తాత్సారం చేసి మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాడట. మేడమ్ గారు చూసి, "అవున్రా, చూసుకోలేదు" అని రెండు మార్కులు కలిపి, ఆ పక్కన పొట్టి సంతకం చేసి, అంకెలు తిరగరాస్తున్నావు, కళ్ళు చూపించుకో అన్నారట. ఆదివారం అక్క వాడిని ఒంగోలు తీసుకెళ్ళింది, అద్దాలు రాశారు. మిగతా ఐదు మార్కులూ రాలేదు, వాడూ అడగలేదు.